"అన్ని చోట్లా వచ్చేసింది కదా!": న్యూస్ డెస్క్‌లో రోజూ వినే అపోహలు - వాస్తవాలు

నేను న్యూస్ డెస్క్‌లో పని చేస్తాను. టెక్నాలజీ, రాజకీయాలు, సినిమా... ఏ విభాగం కాపీ (అంటే రాసిన వార్త) అయినా బయటికి వెళ్లే ముందు నా దగ్గర ఒకసారి ఆగుతుంది. "ఇది మొదట ఎవరు చెప్పారు?" అన్నది నేను రోజంతా అడిగే ప్రశ్న. ఇంటికి వెళ్లాక కూడా ఆ పని వదలదు. తెలిసినవాళ్లు ఫార్వర్డ్ మెసేజ్‌లు పంపి "ఇది నిజమేనా?" అని అడుగుతుంటారు. అలా అడగడం నాకు చాలా ఇష్టం. అయితే ఆ ప్రశ్నల వెనక కొన్ని అపోహలు పదే పదే కనిపిస్తుంటాయి. వాటి గురించే రాస్తున్నాను.

అపోహ: అన్ని చోట్లా వస్తోందంటే నిజమే అయ్యుంటుంది

2023 ఆగస్టు 23న జింబాబ్వే మాజీ క్రికెట్ కెప్టెన్ హీత్ స్ట్రీక్ చనిపోయారని ప్రపంచమంతా వార్త వచ్చింది. ఆయనతో కలిసి ఆడిన మాజీ ఆటగాడే సంతాపం ప్రకటించడంతో ఎవరికీ అనుమానం రాలేదు. కొన్ని గంటల తర్వాత స్ట్రీక్ స్వయంగా తాను బతికే ఉన్నానని చెప్పుకోవాల్సి వచ్చింది. అప్పటికే ఆయన క్యాన్సర్‌తో పోరాడుతున్నారు. సెప్టెంబరు 3న కన్నుమూశారు. "చివరికి నిజమే అయింది కదా" అని నాతో అన్నవాళ్లున్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. మధ్యలో ఉన్న ఆ పదకొండు రోజులు ఆయనవి, ఆయన ఇంట్లోవాళ్లవి.

మా డెస్క్‌లోనూ ఒక రాత్రి ఇలాంటిదే వచ్చింది. ఒక సీనియర్ గాయకుడు ఇక లేరంటూ అరగంటలో ఆరు సైట్లు రాసేశాయి. "అందరూ వేసేశారు, మనమే ఆలస్యం" అని డెస్క్‌లో ఒకటే టెన్షన్. ఆరు కాపీలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఆరింటిలోనూ ఆయన పుట్టిన సంవత్సరం తప్పు, అదీ ఒకే తప్పు! అంటే ఒకరు రాశారు, మిగతా ఐదుగురు దింపేశారు. ఇంటికి ఫోన్ చేస్తే వాళ్లమ్మాయి ఎత్తింది. "నాన్నగారు నిద్రపోతున్నారండీ. సాయంత్రం నుంచి ఇది పదో ఫోను. మీరొక్కరే ఎలా ఉన్నారని అడిగారు, మిగతావాళ్లంతా ఎప్పుడు పోయారని అడిగారు" అంది. ఆ గొంతు నేను మర్చిపోలేదు.

అప్పటినుంచి కొత్తగా చేరే పిల్లలకు మొదటి రోజే చెబుతున్నాను: ఎన్ని లింకులు ఉన్నాయో చూడొద్దు, ఎన్ని మూలాలు ఉన్నాయో చూడండి. వంద లింకులు కూడా ఒక్క ట్వీట్ దగ్గరికే చేరొచ్చు. ఆ ట్వీట్ పెట్టిన మనిషికి ఆ విషయం ఎలా తెలిసిందన్నది తేలితేనే అది వార్త. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఆన్‌లైన్‌లో మాత్రం నిప్పు లేకుండానే పొగ వస్తోంది.

అపోహ: ఫేక్ అంటే ఏఐతో చేసిందే

నా దగ్గరికి వచ్చే వాటిలో ఎక్కువ భాగం అసలైన ఫోటోలు, అసలైన వీడియోలే. ఎప్పటిదో ఫోటోకి ఇవాళ్టి తేదీ తగిలిస్తారు, ఒక దేశంలో జరిగినదాన్ని ఇంకో దేశానికి అంటగడతారు. 2019 మేలో అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ నాన్సీ పెలోసీ తడబడుతూ మాట్లాడుతున్నట్టు ఒక వీడియో లక్షలమంది చూశారు. అందులో ఏఐ ఏమీ లేదు. వేగాన్ని దాదాపు 75 శాతానికి తగ్గించి వదిలారు, అంతే. ఫోన్‌లో ఎవరైనా చేయగల పని అది.

ఏఐ బొమ్మలూ వస్తున్నాయి, కాదనను. 2023 మార్చిలో పోప్ ఫ్రాన్సిస్ తెల్లటి పఫర్ జాకెట్ వేసుకున్న బొమ్మ చూసి నేనూ ఒక్క క్షణం ఆగాను. పెద్దది చేసి చూస్తే చేతిలోని కప్పును వేళ్లు సరిగ్గా పట్టుకోలేదు, కళ్లద్దాల అంచు ముఖం మీది నీడలో కలిసిపోయింది. అదే ఏడాది నవంబరులో నటి రష్మిక మందన్న పేరుతో తిరిగిన లిఫ్ట్ వీడియోని ఆపి ఆపి చూస్తే, మొదటి సెకనులో వేరే అమ్మాయి ముఖం కనిపిస్తుంది. లోపలికి అడుగు పెట్టగానే ముఖం మారిపోతుంది. అయితే వేళ్లు లెక్కపెట్టి పట్టేసే రోజులు దాదాపు అయిపోయాయి. కొత్త టూల్స్ ఆ తప్పులు చేయడం లేదు.

అందుకే నేను ఇప్పుడు బొమ్మ లోపల కన్నా బొమ్మ బయట ఎక్కువ వెతుకుతాను. 2023 మే 22న అమెరికా సైనిక ప్రధాన కార్యాలయం పెంటగాన్ దగ్గర పేలుడు అంటూ ఒక ఫోటో వచ్చింది. స్టాక్ మార్కెట్ కూడా కాసేపు కిందికి జారింది. అక్కడ అడగాల్సింది ఒకే ప్రశ్న: అంత పెద్ద భవనం పక్కన పేలుడు జరిగితే ఇంకో ఫోటో లేదేం? నిజంగా జరిగి ఉంటే ఎదురు రోడ్డు నుంచి, కారులో నుంచి, కిటికీలో నుంచి పదిమంది తీసి ఉండేవాళ్లు. కాసేపటికి అగ్నిమాపక విభాగమే అక్కడ ఏమీ జరగలేదని చెప్పింది. రెండో కోణం దొరకని "పెద్ద ఘటన"ను నేను పక్కన పెట్టేస్తాను.

ఆడియో విషయంలోనే నాకు నిజమైన భయం. ఆడియోకి రెండో కోణం ఉండదు, నీడలు ఉండవు, వెనక గోడ మీద బోర్డు ఉండదు. 2023 సెప్టెంబరులో స్లొవాకియా ఎన్నికలకు రెండు రోజుల ముందు, ప్రోగ్రెసివ్ స్లొవాకియా పార్టీ నేత మిహల్ షిమెచ్కా ఓట్ల రిగ్గింగ్ గురించి ఒక జర్నలిస్టుతో మాట్లాడినట్టు ఆడియో వదిలారు. ప్రచారం ఆపేయాల్సిన గడువు అది, ఖండించడానికి కూడా వీలు తక్కువ. 2024 జనవరిలో అమెరికాలోని న్యూ హ్యాంప్‌షైర్ ఓటర్లకు జో బైడెన్ గొంతుతో "ప్రైమరీలో ఓటు వేయకండి" అంటూ ఫోన్లు వెళ్లాయి. ప్రైమరీ అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక. ఆ కాల్స్ చేయించిన రాజకీయ కన్సల్టెంట్‌కి అక్కడి కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఎన్నికల ముందు రోజుల్లో వచ్చే "లీకైన ఆడియో"ని, అది ఎక్కడ ఎవరు రికార్డు చేశారో తెలిసేదాకా, దయచేసి ఎవరికీ పంపకండి.

అపోహ: అయితే ఏదీ నమ్మకుండా ఉంటే సరి

ఇది తెలివిగా కనిపించే అపోహ, అందుకే దీని గురించి గట్టిగా చెప్పాలనిపిస్తుంది. వరద నీళ్లు నిండిన రోడ్డు మీద షార్క్ ఈదుతున్న ఒక ఫోటో 2011 నుంచి ప్రతి తుపానుకీ తిరుగుతోంది. అది అతికించిన ఫోటో. 2022లో ఇయాన్ తుపాను వచ్చినప్పుడు ఫ్లోరిడాలో ఇంటి వెనక నీళ్లలో షార్క్ లాంటి చేప ఈదుతున్న వీడియో వచ్చింది. "మళ్లీ మొదలెట్టారు" అని చాలామంది కొట్టిపారేశారు. తీసినాయనతో మాట్లాడి, ఫైల్ వివరాలు తీసి చూస్తే అది నిజం వీడియో!

రాజకీయాల్లో దీని నష్టం ఇంకా పెద్దది. 2024 ఆగస్టులో కమలా హారిస్ డెట్రాయిట్ విమానాశ్రయ సభకు జనమే రాలేదని, ఫోటో ఏఐతో చేసిందని డొనాల్డ్ ట్రంప్ అన్నారు. అక్కడున్న ఎన్నో సంస్థల కెమెరాల్లో ఆ జనం ఉన్నారు. అన్నీ ఫేకే అనుకునే అలవాటు జనంలో పెరిగితే, నిజంగా దొరికిపోయిన నాయకుడు కూడా "అది ఏఐ" అని తప్పించుకోగలడు. ఏ పార్టీ వాళ్లకైనా ఈ దారి తెరిచే ఉంటుంది.

అపోహ: బ్లూ టిక్ ఉంది కాబట్టి అసలైన అకౌంటే

ట్విటర్, అంటే ఇప్పటి ఎక్స్, పాత పద్ధతిలో ఇచ్చిన టిక్‌లను 2023 ఏప్రిల్‌లో తీసేసింది. ఇప్పుడు డబ్బు కడితే టిక్ వస్తుంది. 2022 నవంబరులోనే ఎలీ లిల్లీ అనే మందుల కంపెనీ పేరుతో టిక్ కొనుక్కున్న ఒక నకిలీ అకౌంట్ "ఇన్సులిన్ ఇక ఉచితం" అని ప్రకటించేసింది. అకౌంట్ అసలైనదే అయినా పూర్తి భరోసా లేదు. 2013 ఏప్రిల్ 23న వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ అసలు ట్విటర్ అకౌంట్‌నే హ్యాక్ చేసి, వైట్‌హౌస్‌లో పేలుళ్లు జరిగాయని, ఒబామా గాయపడ్డారని రాశారు. నిమిషాల్లో అమెరికా స్టాక్ మార్కెట్ సూచీ డౌ జోన్స్ 140 పాయింట్లకు పైగా పడి మళ్లీ లేచింది.

అపోహ: సైంటిస్టులు పేపర్ రాశారంటే నిరూపణ అయినట్టే

2023 జులైలో ఎల్‌కే-99 గుర్తుందా? గది ఉష్ణోగ్రత దగ్గరే పనిచేసే సూపర్ కండక్టర్ (నిరోధం లేకుండా కరెంటు ప్రవహించే పదార్థం) దొరికిందని దక్షిణ కొరియా పరిశోధకులు ఇంటర్నెట్‌లో ఒక పేపర్ పెట్టారు. అయస్కాంతం మీద సగం లేచి నిలబడ్డ చిన్న నల్లటి ముక్క వీడియో చూసి అందరూ ఊగిపోయారు. ఆ పేపర్ ప్రీప్రింట్. అంటే సాటి శాస్త్రవేత్తల సమీక్ష ఇంకా జరగలేదు. కొన్ని వారాల్లోనే వేరే ల్యాబ్‌లు తయారుచేసి పరీక్షించాయి. ఆ వింతలో పెద్ద భాగం అందులో కలిసిన కాపర్ సల్ఫైడ్ మలినం వల్లే వచ్చిందని తేలింది. నిజం నిలకడ మీద తెలుస్తుందన్న మాట సైన్స్ వార్తలకు అచ్చంగా సరిపోతుంది. టెక్నాలజీ కాపీలో నేను మొదట వెతికేది ఇదే: ప్రీప్రింటా, సమీక్ష అయిందా, వేరేవాళ్లు ఎవరైనా చేసి చూశారా?

అపోహ: ఎక్కువ మందిని అడిగితే సర్వే కచ్చితంగా వస్తుంది

1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటి మందికి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తారని రాసింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచారు. పత్రిక పేర్లు తీసుకున్నది ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఆ రెండూ ఉన్నవాళ్లు ఎవరో ఊహించుకోండి. అంతకంటే ఎంతో చిన్న నమూనాతో జార్జ్ గ్యాలప్ సరిగ్గా చెప్పారు.

ఇంకో మాట. వెయ్యిమందిని సరిగ్గా ఎంచుకుని అడిగినా సర్వేలో అటూ ఇటూ సుమారు 3 శాతం తేడా ఉంటుంది. కాబట్టి 46కి 44 వస్తే "ముందంజ" అని హెడ్డింగ్ పెట్టడానికి నేను ఒప్పుకోను. దీనిమీద డెస్క్‌లో గొడవలు కూడా అయ్యాయి.

అపోహ: సినిమాకి అంత కలెక్షన్ వచ్చిందంటే అంత లాభం

గ్రాస్ అంటే ప్రేక్షకులు టికెట్లకు కట్టిన మొత్తం. పన్నులు, థియేటర్ల వాటా, ప్రచారం ఖర్చు పోయాక మిగిలేది వేరే అంకె. పోస్టర్ మీద ఉన్నది గ్రాసా, షేరా (పన్నులు, థియేటర్ల వాటా పోగా మిగిలేది) అని చూడకుండా రెండు సినిమాలను పోల్చలేం.

అపోహ: అబద్ధాలు ప్రచారం చేసేది బాట్లే (మనుషులు కాక ప్రోగ్రామ్‌లు నడిపే అకౌంట్లే)

2018లో సైన్స్ పత్రికలో వచ్చిన ఎంఐటీ అధ్యయనం 2006 నుంచి 2017 వరకు ట్విటర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించింది. అబద్ధపు వార్తని జనం రీట్వీట్ చేసే అవకాశం నిజం కన్నా 70 శాతం ఎక్కువ. 1,500 మందికి చేరడానికి అబద్ధపు వార్త కన్నా నిజమైన వార్తకి సుమారు ఆరు రెట్లు సమయం పట్టింది. బాట్లను తీసేసి లెక్కవేసినా ఫలితం మారలేదు. కొత్తగా, వింతగా ఉన్నదాన్ని చూడగానే మన చెయ్యే షేర్ బటన్ మీదికి వెళుతోంది.

అపోహ: డౌట్ వస్తే చాట్‌బాట్‌ని అడిగితే సరిపోతుంది

2025 అక్టోబరులో యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్, బీబీసీ కలిసి 18 దేశాల్లో చేసిన పరిశీలనలో, వార్తల మీద ఏఐ అసిస్టెంట్లు ఇచ్చిన జవాబుల్లో 45 శాతంలో కనీసం ఒక పెద్ద లోపం ఉంది. 2024 డిసెంబరులో ఆపిల్ ఫోన్లలో వార్తల సారాంశం ఇచ్చే ఫీచర్ ఒక హత్య కేసు నిందితుడు తనను తాను కాల్చుకున్నాడని బీబీసీ పేరుతో చూపించింది. బీబీసీ అలా రాయలేదు. తర్వాతి నెలలో న్యూస్ యాప్‌లకు ఆ ఫీచర్‌ని ఆపిల్ ఆపేసింది. చాట్‌బాట్‌ని లింకులు వెతకడానికి వాడండి, తప్పులేదు. లింకు తెరిచి మీరే చదవండి. లేని లింకు ఇవ్వడం కూడా నేను చూశాను.

అపోహ: తప్పు అని చెప్పినా లాభం లేదు, జనం ఇంకా మొండిగా నమ్ముతారు

ఈ అపోహ మా వృత్తిలోనే ఎక్కువ. 2010లో వచ్చిన ఒక అధ్యయనం ఇలాంటి ఫలితాన్ని చూపించింది, అది బాగా పాపులర్ అయింది. తర్వాత 10 వేలమందికి పైగా మనుషులతో, 52 అంశాల మీద చేసిన పెద్ద పరిశోధనలో ఆ మొండితనం దాదాపు కనబడలేదు. సరైన సమాచారం ఇస్తే చాలామంది తీసుకుంటారు.

కాబట్టి మా కాపీలో తప్పు కనిపిస్తే రాయండి. మేం వేసిన ఒక వరద ఫోటో మూడేళ్ల కిందటిదని చెప్పింది ఒక పాఠకురాలే. ఫోటోలో సగం మునిగిన బస్సు మీద ఉన్న ప్రకటనని గుర్తుపట్టి, అదే ఫోటో ఉన్న పాత పేజీ లింకు పంపారావిడ. పావుగంటలో ఫోటో తీసేసి, ఏం మార్చామో కథనం పైభాగంలోనే రాశాం. అలా పంపేటప్పుడు లింకు, మీరు చూసిన సమయం, స్క్రీన్‌షాట్, తప్పని మీకు ఎలా తెలిసిందో ఒక వాక్యం ఉంటే చాలు. రాత్రి షిఫ్ట్‌లో ఉన్నవాళ్లం ముందు వాటినే తెరుస్తాం.