తమ్ముడి పుట్టినరోజు నాడు మత్తడి దుంకింది

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి తాత ఆశీస్సులు.

మీరిద్దరూ కలిసి రాసిన ఉత్తరం చేరింది. “తమ్ముడి మూడో పుట్టినరోజు వాడి కోసమే కదా చేశాం, మరి వాడే ఎందుకు పాడుచేశాడు తాతా? కేకు తిన్నందుకే అంత అల్లరి అని మేనత్త అంటోంది, నిజమేనా?” అని అడిగారు. రెండో ప్రశ్నకు జవాబు తేలిక. వాడు కింద పడి పొర్లే వేళకు కేకు ఇంకా కోయనే లేదు. కోసి తినిపించినా అంతే. తీపి తింటే పిల్లలకు పట్టపగ్గాలుండవన్న మాటను వైద్యులు ఏనాడో పరీక్షించారు. 1995లో, అంతకు ముందు జరిగిన పరిశోధనలను ఒకచోట చేర్చి చూసినప్పుడు చక్కెరకూ పిల్లల ప్రవర్తనకూ పొంతన కనిపించలేదు. పళ్లకు మాత్రం చెరుపే, ఆ సంగతి మీ అమ్మ రోజూ చెబుతూనే ఉంది.

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మిమ్మల్ని మన ఊరి చెరువు కట్ట మీదికి తీసుకుపోవాలి. ఆ చెరువుకు కట్ట కింద ఒక తూము, కట్ట చివరన ఒక మత్తడి ఉన్నాయి. తూములోంచి నీళ్లు కావలసినప్పుడు కావలసినంతే పొలాలకు పోతాయి, ఎందుకంటే దాన్ని తెరిచి మూసే మనిషి ఒకడుంటాడు. అతన్ని నీరటి అంటారు. పై వాగులన్నీ ఒక్కసారి పొంగి వచ్చినప్పుడు తూము చాలదు, నీరటి చేయీ చాలదు. అప్పుడు మిగులు నీరంతా మత్తడి మీదుగా దుంకుతుంది. ఆ చప్పుడు విని భయపడేవాళ్లు పట్నం నుంచి వచ్చిన చుట్టాలే. ఊరివాళ్లకు తెలుసు, మత్తడి దుంకకపోతే కట్ట తెగుతుందని.

నా చిన్నతనంలో మా వీధిలోనే ఒక ముసలి నీరటి ఉండేవాడు. వాన పట్టిందంటే గొంగడి కప్పుకొని, లాంతరు పట్టుకొని, అర్ధరాత్రి కూడా కట్ట మీద తిరిగేవాడు. మేము వెంట పడితే తరిమేవాడు, కాని ఒక్కోసారి ఎటు చూడాలో చూపించేవాడు. అతను చెరువు నీళ్ల కన్నా పైనున్న వాగుల వైపే ఎక్కువగా చూసేవాడు. ఏ వాగులో ఎర్రనీళ్లు వస్తున్నాయో చూసి, తెల్లవారేసరికి మత్తడి పడుతుందో లేదో చెప్పేవాడు. కాకతీయుల కాలం నుంచి ఒక చెరువు మత్తడి నీళ్లు దిగువ చెరువులోకి పోయేలా గొలుసుగా తవ్వించిన ప్రాంతం మనది, అక్కడ ఆ పని తెలియనివాడు నీరటి కాలేడు.

ఇప్పుడు మీ తమ్ముడి సంగతి చూద్దాం. మూడేళ్లవాడిలో చెరువూ ఉంది, వాగులూ ఉన్నాయి, మత్తడీ ఉంది. నీరటి మాత్రం ఇంకా పని నేర్చుకునే కుర్రవాడు. నొసటి వెనకనున్న మెదడు భాగం ఆ పని చేస్తుందనీ, అది పూర్తిగా పండడానికి ఇరవై అయిదేళ్లదాకా పడుతుందనీ వైద్యులంటారు. అంతకన్నా లోతుకు నేను పోను.

ఆ రోజు ఎన్ని వాగులు వచ్చాయో చూడండి. తెల్లవారకముందే లేపి తలంటు పోశారు. కుంకుడు పులుసు కళ్లలో పడింది. వాడి వయసు పిల్లలకు రోజుకు పది నుంచి పదమూడు గంటల నిద్ర కావాలి, అందులో పగటి కునుకు కూడా కలిసి ఉంటుంది. ఆ కునుకు వీడియో కాల్స్‌లో పోయింది. సాయంత్రం ఫంక్షన్ హాల్లో సౌండ్ బాక్సు, పగిలే బెలూన్లు, బుగ్గలు గిల్లే కొత్త మొహాలు. ఎనిమిదైనా చుట్టాలు రాలేదని కేకు కోయలేదు. చివరికి అందరూ చప్పట్లు కొడుతుండగా మీ మేనత్త కొడుకు వంగి కొవ్వొత్తి ఊదేశాడు. అందరికీ కనిపించింది ఆ ఆఖరి వాగు ఒక్కటే. రాత్రి నేను వాడి షేర్వాణీ విప్పుతుంటే, జరీ కాలరు ఒరుసుకుపోయి మెడ చుట్టూ ఎర్రటి గీత పడి ఉంది. “గుచ్చుకుంటోంది” అన్న మాట వాడికి వచ్చు, కాని అంత గోలలో ఆ మాట దొరకలేదు.

అలాగని వాడు మీ బావ చెంప గీరడం సరే అనడం లేదు. మత్తడి కింద ఎవరూ నారు పోయరు. వాడు చేయెత్తినప్పుడు చేయి పట్టుకోవాలి, “కొట్టనివ్వను” అని ఒక్క మాటే చెప్పాలి, రెండోవాడిని పక్కకు తీసుకుపోవాలి. అప్పుడు నీతులు చెప్పినా, “ఎందుకు చేశావురా” అని అడిగినా చెవికెక్కవు. ఫోటో కోసం రెండు చేతులూ పట్టి నిలబెట్టడమైతే ఇంకా దండగ. నీళ్లు తగ్గాక దగ్గర కూర్చోబెట్టుకొని, “నీ కొవ్వొత్తి వాడు ఊదాడని కోపం వచ్చింది కదా” అంటే, అప్పుడు వింటాడు. పెద్దవాళ్లమైన మనకే కోపంలో మాటలు వినబడవు, ఈ సంగతి మీ నాన్నకు కూడా చదివి వినిపించండి.

మీ నానమ్మ ఏం చేసిందో గమనించారా? దిష్టి తగిలిందంటూ ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకొని వాడిని హాలు వెనక వరండాలోకి తీసుకుపోయింది. దిష్టి మీద నాకు పెద్ద నమ్మకం లేదు. కాని అక్కడ చీకటి ఉంది, చప్పుడు లేదు, ఒక్క మనిషే ఉంది, ఒళ్లో చోటుంది. పది నిమిషాల్లో వాడు సర్దుకున్నాడు. వాగులను పక్కకు మళ్లించడమంటే అదే.

వచ్చే ఏడు వేడుక ఇంట్లోనే, వాడు నిద్రలేచాక, తక్కువ మందితో చేయమని మీ అమ్మానాన్నలకు రాస్తున్నాను. ఉదయం హారతి, అక్షింతలు, పరమాన్నం చాలు. కేకు ఉండాలంటే సాయంత్రం నాలుగింటికే కోయవచ్చు. మెత్తని పాత చొక్కా వేసినా పుట్టినరోజు ఆగిపోదు. వాడు ఎవరికీ ఇవ్వలేని బొమ్మలను ముందే అటక మీద పెట్టే పని మీది. కొవ్వొత్తి ఊదేటప్పుడు బావను ఒళ్లో కూర్చోబెట్టుకునే పని కూడా మీదే. మీలో ఒకరు మూడో పుట్టినరోజున అక్షింతల పళ్లెం పంతులుగారి మీద బోర్లించారు. అది ఎవరో నేను చెప్పను, కాబట్టి తమ్ముడిని మరీ ఎక్కువ వెక్కిరించకండి.

ఈ ఆదివారం మీ పక్కింటి పాపకు రెండేళ్లు నిండుతున్నాయని రాశారు. పిలుపు వస్తే వెళ్లండి, కాని కేకు వైపు కాకుండా పాప వైపు చూడండి. కళ్లు నులుముకుంటుందా, చెవి లాక్కుంటుందా, అమ్మ కొంగు వెనక దాక్కుంటుందా, ఏ చప్పుడుకు ఉలిక్కిపడుతుందో చూసి, ఏది ముందు వచ్చిందో వరుసగా రాసి పంపండి.

మీ తాత