సున్నా సుంకం సంతకం: ఎలక్ట్రానిక్స్ దిగుమతుల వివాదం వెనుక కథ

ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల దిగుమతిపై సుంకం ఉండాలా, వద్దా అన్న వాదన హైదరాబాద్‌లో ఎక్కడ మొదలైనా దాదాపు ఎప్పుడూ ఒకే ఆరోపణ దగ్గరికి చేరుతుంది. కంప్యూటర్ల వంటి సరకుపై దిగుమతి సుంకాన్ని ఎత్తేసే ప్రపంచ వాణిజ్య సంస్థ సమాచార సాంకేతిక ఒప్పందంపై 1997లో భారత్ సంతకం చేయబట్టే దేశీయ హార్డ్‌వేర్ పరిశ్రమ కుదేలైందన్నది ఆ ఆరోపణ. అందులో నిజం ఉంది, కానీ సగమే. మిగతా సగం తెలియాలంటే ఆ సంతకానికి ముందూ తర్వాతా ఈ నగరంలో ఏం జరిగిందో చూడాలి.

1962 నాటి చైనా యుద్ధం తర్వాత రక్షణ అవసరాలకు ఎలక్ట్రానిక్స్‌ను బయటి దేశాల నుంచి తెచ్చుకోవడం ఎంత ప్రమాదమో ఢిల్లీకి అర్థమైంది. మరుసటి ఏడాది అణు శాస్త్రవేత్త హోమీ భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్‌పై ఒక కమిటీ ఏర్పడింది. ఆ ఆలోచనా ధోరణిలోంచే 1967లో అణుశక్తి శాఖ కింద, శాస్త్రవేత్త ఏ.ఎస్. రావు సారథ్యంలో, హైదరాబాద్‌లో ప్రభుత్వ రంగ సంస్థ ఈసీఐఎల్ (ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) పుట్టింది. రెండేళ్లు తిరగకుండానే టీడీసీ-12 కంప్యూటర్ వచ్చింది. తర్వాతి కాలంలో అది తయారు చేసిన ఈసీ టీవీ ఇళ్లలోకి చేరింది. ఎన్నికల ఓటింగ్ యంత్రాలు ఇవాళ్టికీ అక్కడ తయారవుతున్నాయి. కుషాయిగూడ వైపు ఒక కూడలికి సంస్థ పేరు, ఒక కాలనీకి దాన్ని నడిపిన మనిషి పేరు స్థిరపడ్డాయంటే ఆ రోజుల్లో దానికున్న పలుకుబడిని ఊహించుకోవచ్చు. అయితే ఎన్ని యంత్రాలు తయారు చేయాలో లైసెన్సు నిర్ణయించే వ్యవస్థలో, కొనేవాళ్లలో ఎక్కువమంది ప్రభుత్వ శాఖలే అయిన మార్కెట్‌లో, ధర తగ్గించగలిగేంత పెద్ద ఎత్తున ఉత్పత్తి చేయడం ఎవరి వల్లా కాలేదు. 1973 నాటి విదేశీ మారక నియంత్రణ చట్టం విదేశీ వాటాను తగ్గించుకోవాలని పట్టుబట్టడంతో 1978లో అమెరికా కంప్యూటర్ల సంస్థ ఐబీఎం దేశం విడిచి వెళ్లింది. పోటీదారు తప్పుకున్నా ఆ ఖాళీని నింపేంత పరిశ్రమ ఇక్కడ ఎదగలేదు. రక్షణ గోడ ఉన్నంత మాత్రాన పరిశ్రమ దానంతట అది పెరగదన్న సంగతి సుంకాల సమర్థకులు తరచుగా దాటవేస్తారు.

1996 డిసెంబరులో సింగపూర్‌లో జరిగిన మంత్రుల సమావేశం ఈ ఒప్పందానికి రూపమిచ్చింది. మరుసటి మార్చిలో చేరిన భారత్, కంప్యూటర్లు, చిప్‌లు, టెలికాం పరికరాలతో కూడిన 217 రకాల సరకుపై సుంకాన్ని దశలవారీగా 2005 నాటికి సున్నా చేయడానికి అంగీకరించింది. దీనివల్ల దెబ్బ తగిలిన మాట వాస్తవం. పూర్తయిన యంత్రం సుంకం లేకుండా ఓడరేవు దాటి వస్తుండగా ఇక్కడ తయారు చేసేవారిపై కొన్ని ముడిసరకుల సుంకాలు, రాష్ట్రాల పన్నులు, ఖరీదైన అప్పు, కరెంటు కోతలు కలిసి భారం మోపాయి. కానీ 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పటి నుంచి అక్కడి అంతస్తుల్లోకి చేరిన కంప్యూటర్ల ధర తగ్గడంలోనూ అదే ఒప్పందానికి భాగముంది. ఒక చేత్తో తీసుకున్నది మరో చేత్తో ఇచ్చింది. కాకపోతే ఇచ్చింది సాఫ్ట్‌వేర్‌కు, తీసుకున్నది ఫ్యాక్టరీల నుంచి. ఆ మాటకొస్తే చైనా కూడా 2003లో అదే ఒప్పందంలో చేరింది. దాని ఫ్యాక్టరీలు మూతపడకపోగా ప్రపంచానికి సరుకు పంపే స్థాయికి చేరాయి. కాబట్టి తప్పంతా సంతకానిదే అనడం కుదరదు.

2000ల మధ్యలో హైదరాబాద్ మరో ప్రయత్నం చేసింది. శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గర్లో, రావిర్యాల ప్రాంతంలో ఫ్యాబ్ సిటీని ప్రకటించారు. సెమ్‌ఇండియా అనే సంస్థ చిప్‌ల ఫ్యాక్టరీ పెడుతుందన్నారు. అది రాలేదు.

సుంకాలు తిరిగి వచ్చింది 2017 జులైలో. మొబైల్ ఫోన్లపై 10 శాతం వేసిన కేంద్రం, ఆ డిసెంబరులో 15కు, 2018 ఫిబ్రవరి బడ్జెట్‌లో 20 శాతానికి పెంచింది. యూరోపియన్ యూనియన్, జపాన్, తైవాన్ వేర్వేరుగా జెనీవాలోని ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. భారత్ వాదనలో రెండు పాయలున్నాయి. 1996లో లేని స్మార్ట్‌ఫోన్‌కు ఆనాటి ఒప్పందం వర్తించదన్నది మొదటిది. సుంకాల కోసం దేశాలు వాడే సరకుల వర్గీకరణ పట్టిక 2007లో మారినప్పుడు పాత హామీలను కొత్త పట్టికలోకి ఎక్కించడంలో పొరపాటు జరిగిందని, ఆ పొరపాటుకు తాను కట్టుబడి ఉండనక్కర్లేదన్నది రెండోది. బహిరంగ చర్చల్లో ఈ రెండో వాదన ఊసే రాదు. గుమాస్తాల స్థాయి వ్యవహారంలా కనిపించే ఆ పట్టిక మీదే కేసు తేలింది: దేశం తన హామీల జాబితాలో ఏ సరకు ఎదురుగా సున్నా అని రాసి ఇచ్చిందో దానికే కట్టుబడాలని, పొరపాటన్న సాకు చెల్లదని 2023 ఏప్రిల్‌లో ఆ సంస్థ వివాద విచారణ ప్యానెళ్లు తీర్పు చెప్పాయి. భారత్ అప్పీలుకు వెళ్లింది. అయితే న్యాయమూర్తుల నియామకాలను అమెరికా అడ్డుకోవడంతో 2019 డిసెంబరు నుంచే ఆ సంస్థ అప్పీళ్ల సంఘం పనిచేయడం లేదు. విచారించేవారు లేనిచోట అప్పీలు చేయడమంటే తీర్పు అమలును నిరవధికంగా ఆపుకోవడమే. వాణిజ్య నియమాలను మీరుతున్నారని ఇతరులను తప్పుపట్టే దేశాల్లో కొన్ని ఈ సౌకర్యాన్ని అవసరమైనప్పుడు వాడుకుంటున్నాయి.

2023 ఆగస్టు 3న ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్లెట్ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు వెలువడింది. మర్నాడే దాని అమలును అక్టోబరు చివరి దాకా వాయిదా వేశారు. అమెరికా ఆందోళన వ్యక్తం చేయగా, చివరికి ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకునే పద్ధతితో సరిపెట్టారు. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి కంప్యూటర్ల మార్కెట్లకు ఆ ఒక్కరోజు ఉత్తర్వు, ఏళ్లపాటు సాగిన జెనీవా కేసు కంటే దగ్గరి విషయం.

2024లో సుంకాలు తగ్గాయి. జనవరిలో కొన్ని ఫోన్ విడిభాగాలపై 15 నుంచి 10 శాతానికి, జులై బడ్జెట్‌లో ఫోన్లపై 20 నుంచి 15 శాతానికి. దీనికి జెనీవా తీర్పు కారణమని చెప్పలేం. 2020లో మొదలైన ఉత్పత్తి ప్రోత్సాహకాల పథకం కింద ఇక్కడ ఫోన్లు తయారు చేసి ఎగుమతి చేస్తున్న పరిశ్రమే, దిగుమతయ్యే భాగాలపై సుంకం ఎక్కువైతే వియత్నాం, చైనాలతో పోటీ పడలేమని అడుగుతూ వచ్చింది. 2023 మేలో ఎలక్ట్రానిక్స్ తయారీదారు ఫాక్స్‌కాన్ గ్రూపు సంస్థ తన ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసిన కొంగరకలాన్, ఒకప్పుడు ఫ్యాబ్ సిటీకి కేటాయించిన రావిర్యాల వైపే ఉంది. ఇలాంటి ఫ్యాక్టరీలకు కావలసిన విడిభాగాల్లో చాలావరకు ఇంకా బయటి దేశాల నుంచే రావాలి.