27 రూపాయల 14 పైసల వెనుక

నెలవారీ ఉచిత పరిమితి దాటాక ఏటీఎంలో డబ్బు తీస్తే, ఖాతాలోంచి 27 రూపాయల 14 పైసల వరకు కోత పడుతుంది. ఇందులో రుసుము 23 రూపాయలు, మిగతాది దానిపై 18 శాతం జీఎస్టీ. చాలామంది ఈ కోతకు యంత్రాన్నే తిట్టుకుంటారు. అమెరికాలోనైతే ఏటీఎం యజమాని తన రుసుమును యంత్రం మెనూలో తానే నమోదు చేసుకోగలడు కాబట్టి ఆ కోపానికి కొంత అర్థముంటుంది. మన దగ్గర మాత్రం దాన్ని వసూలు చేసేది కార్డు ఇచ్చిన బ్యాంకు, గరిష్ఠ పరిమితి విధించేది రిజర్వు బ్యాంకు.

ఈ ఏర్పాటుకు పునాది హైదరాబాద్‌లో పడింది. ఏ బ్యాంకు కార్డునైనా ఏ బ్యాంకు యంత్రంలోనైనా వాడుకునేందుకు ఇక్కడి బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ 2004 ఆగస్టులో నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను ప్రారంభించింది. ఖాతాదారు వేరే బ్యాంకు యంత్రంలో డబ్బు తీసిన ప్రతిసారీ, కార్డు ఇచ్చిన బ్యాంకు ఆ యంత్రం ఉన్న బ్యాంకుకు ఇంటర్‌చేంజ్ రుసుము చెల్లించుకోవాలి. అందుకే 2009 ఏప్రిల్ 1 నుంచి ఇతర బ్యాంకుల ఏటీఎంలలో నగదు తీయడాన్ని రిజర్వు బ్యాంకు పూర్తిగా ఉచితం చేసినా, ఆ వెసులుబాటు ఆరు నెలలే నిలిచింది. అక్టోబరు నాటికి నెలకు 5 లావాదేవీల పరిమితి వచ్చింది.

రుసుము చరిత్రలో భద్రత ప్రవేశించింది 2013 నవంబరులో. బెంగళూరులోని ఒక ఏటీఎం గదిలో ఉదయం వేళ షట్టర్ దించి ఒక మహిళపై కత్తితో దాడి చేసిన దృశ్యాలను దేశమంతా చూసింది. (నిందితుడు 2017లో మదనపల్లెలో పట్టుబడ్డాడు.) కాపలాదారులు లేని ఏటీఎంలను నడపనివ్వబోమని కర్ణాటక పోలీసులు పట్టుబట్టగా, ఆ ఖర్చును భరించలేమంటూ బ్యాంకుల సంఘం ఉచిత లావాదేవీలను తగ్గించాలని రిజర్వు బ్యాంకును కోరింది. 2014 ఆగస్టులో వచ్చిన ఉత్తర్వు నగరాల్లో ఏటీఎంలు విరివిగా ఉండటాన్నే కారణంగా చూపింది గానీ, బ్యాంకుల కోరికకు, ఆ ఉత్తర్వుకు మధ్య ఉన్నది కొన్ని నెలలే. నవంబరు నుంచి హైదరాబాద్ సహా ఆరు మహానగరాల్లో ఇతర బ్యాంకుల ఏటీఎంలలో ఉచితం మూడుసార్లకు తగ్గింది. విజయవాడ, వరంగల్ వంటి చోట్ల ఐదు అలాగే ఉన్నాయి.

కాపలాదారు బయటివాడిని ఆపగలడు గానీ, పాతబడిన సాఫ్ట్‌వేర్‌ను కాపాడలేడు. ఏటీఎంలో నోట్లుండే అడుగు భాగం ఇనప్పెట్టె అయితే, పై భాగంలో ఉండేది మామూలు కంప్యూటరే. విండోస్ ఎక్స్‌పీ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కు 2014 ఏప్రిల్‌లోనే కంపెనీ మద్దతు ఆగిపోయినా ఎన్నో యంత్రాలు దానిమీదే నడిచాయి. 2018 జూన్‌లో రిజర్వు బ్యాంకు గడువులు పెట్టి, కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే బయోస్ ప్రోగ్రామ్‌కు పాస్‌వర్డ్ పెట్టాలని, యూఎస్‌బీ పోర్టులు మూసేయాలని, 2019 జూన్‌కల్లా అన్ని యంత్రాల్లోనూ ఆపరేటింగ్ సిస్టమ్ మార్చాలని ఆదేశించింది. ఇంత ప్రాథమిక విషయాలను ఉత్తర్వులో రాయాల్సి రావడమే అప్పటి నిర్లక్ష్యానికి కొలత. ఆ తర్వాత రెండు నెలలకే పుణె కాస్మోస్ బ్యాంకు నుంచి 94 కోట్ల రూపాయలు పోయాయి. అక్కడ దొంగలు ఛేదించింది యంత్రాన్ని కాదు, లావాదేవీలకు ఆమోదం తెలిపే స్విచ్ వ్యవస్థను. 2019లో యంత్రాలను గోడకో నేలకో బిగించాలన్న ఆదేశమూ వచ్చింది.

ఈ మార్పులన్నిటి ఖర్చూ మళ్లీ రుసుముకే చేరింది. ఏటీఎంల ఏర్పాటు, నిర్వహణ ఖర్చులు పెరిగాయంటూ 2021 ఆగస్టులో ఇంటర్‌చేంజ్ రుసుమును 15 నుంచి 17 రూపాయలకు, 2022 జనవరిలో ఖాతాదారు చెల్లించే గరిష్ఠ రుసుమును 20 నుంచి 21కి పెంచారు. 2025 మే 1 నుంచి అవి 19, 23 అయ్యాయి. యంత్రంలో నోట్లు లేక వట్టి చేతులతో తిరిగొస్తే మాత్రం, 2019 ఆగస్టు నాటి ఉత్తర్వు ప్రకారం దాన్ని ఉచిత లావాదేవీల లెక్కలో వేయకూడదు.