అలెగ్జాండర్ కట్ట కింద ఇసుకతిన్నె

అలెగ్జాండర్ సముద్రాన్ని పూడ్చి తైర్ కోటను పట్టుకున్నాడని చదివినప్పుడల్లా నాకు ఒకటే డౌటు. నడిసముద్రంలో రాళ్లు వేస్తూ పోతే మింగేయదా?

క్రీ.పూ. 332 నాటి మాట. తైర్ అంటే ఇప్పటి లెబనాన్‌లోని సూర్ పట్టణం, అప్పట్లో ఒడ్డుకు ముప్పావు కిలోమీటరు దూరంలో దీవి. ముట్టడి ఏడు నెలలు సాగింది. ఒడ్డున ఉన్న పాత ఊరిని పడగొట్టి ఆ రాళ్లతో, లెబనాన్ అడవుల కలపతో కట్ట వేశారు. తైర్ వాళ్లు మంటలు నింపిన ఓడను తోలి కట్ట మీది బురుజులు తగలబెట్టారు. యుద్ధం సంగతి ఇంతటితో వదిలేస్తా.

అసలు విషయం నీటి కింద ఉంది. పంట కాలువలో పెద్ద బండరాయి పడితే దాని వెనకాల ఒండ్రు పేరుకుంటుంది చూడండి, తైర్ దీవి అలాంటి బండే. కాకపోతే కాలువ నీరు ఒకే వైపు పోతుంది, ఇక్కడ పడమటి నుంచి వచ్చే అలలు దీవి రెండు కొసల దగ్గరా వంగి వెనక్కి తిరిగి ఎదురెదురుగా వచ్చి కలుస్తాయి. అలా వంగేటప్పుడు అల ఎత్తు తగ్గుతుంది, శక్తి ఎత్తు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఎత్తు సగమైతే శక్తి పావు వంతే మిగులుతుంది, ఇక ఆ నీరు ఇసుకను మోయలేక అక్కడే దించేస్తుంది. వేల ఏళ్లు ఇదే పని. తీరంలో బోర్లు వేసి మట్టి పొరలు పరిశీలించిన శాస్త్రవేత్తలు 2007లో చెప్పిందేమిటంటే, అలెగ్జాండర్ వచ్చేసరికే దీవికీ ఒడ్డుకూ మధ్య ఒకటి రెండు మీటర్ల లోతులో ఇసుకతిన్నె ఉంది. కోట దగ్గర మాత్రం మూడు బారల లోతని ప్రాచీన చరిత్రకారుడు అర్రియన్ రాశాడు. గోడల మీంచి బాణాలు తగిలేదీ అక్కడే, అందుకే చివరి భాగం నరకమైంది.

ఈలోగా తైర్‌లో ఒకరికి అపోలో దేవుడు ఊరొదిలి పోతున్నట్టు కల వచ్చిందట, వెంటనే విగ్రహాన్ని బంగారు గొలుసులతో కట్టేశారు! దేవుణ్ని కట్టేస్తే ఇసుక ఆగుతుందా?

కట్ట పడ్డాక తిన్నె మీదుగా అటూ ఇటూ పారే నీటికి దారి మూసుకుపోయింది. ఇసుక రెండు వైపులా ఇంకా జోరుగా చేరింది, వందల మీటర్ల వెడల్పున నేల తేలింది, దీవి కాస్తా ద్వీపకల్పమైంది. ఇవాళ సూర్‌లో ఆ ఇసుక మీదే ఇళ్లూ రోడ్లూ ఉన్నాయి.