కాబ్వే నల్లగుట్ట ఎలా పెరిగింది

జాంబియాలోని కాబ్వే గనిలో 1921లో పనివాళ్లు తవ్వుతుంటే ఓ ఆదిమానవుడి పుర్రె బయటపడింది. దాన్ని లండన్ మ్యూజియానికి పట్టుకుపోయారు. ఆ గనిలో తీసిన సీసం, జింకు కూడా అలాగే దేశం దాటిపోయాయి. ఊరికి దక్కింది చెత్త.

ఖనిజం ఉందని తెలిసింది 1902లో. ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ గని పేరే దీనికీ పెట్టారు. 1906లో రైలు వచ్చాక పని ఊపందుకుంది. కొలిమి మండినన్నాళ్లూ పొగతోపాటు సీసం ధూళి చుట్టుపక్కల వాడల మీద రాలేది. ఖనిజం కరిగించగా మిగిలిన చిట్టెం పక్కనే కుప్పపోసేవారు. అది పెరిగి పెరిగి గుట్టంతయింది. జనం దానికి నల్లగుట్ట అని పేరు పెట్టుకున్నారు.

1925 నుంచి 1974 దాకా ఈ గనితో దక్షిణాఫ్రికాలో పుట్టిన ఆంగ్లో అమెరికన్ అనే గనుల కంపెనీకి సంబంధం ఉండేది. తర్వాత ప్రభుత్వ సంస్థ నడిపి, 1994లో మూసేసింది. కొలిమి చల్లారింది కానీ సీసం కుళ్లిపోయేది కాదు, ఆవిరైపోయేదీ కాదు.

వానల్లేని నెలల్లో గాలి లేచిందంటే ఆ దుమ్ము కసాండా, చోవా, మకులులు వాడల్లోకి వస్తుంది. వాకిట్లో దోగాడే బిడ్డ అరచేతులకు మట్టి అంటుతుంది, ఆ చెయ్యి నోట్లోకి వెళ్తుంది. అంతే, అంతకంటే పెద్ద ప్రమాదమేమీ జరగనక్కర్లేదు. కడుపులో పడ్డ సీసంలో పెద్దవాళ్ల ఒంటికి పట్టేది కొంచెమే. పసివాళ్లకు దాదాపు సగం పడుతుంది. ఒళ్లు దాన్ని క్యాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. మెదడు ఎదగాల్సిన వయసులో సీసం దాన్ని దెబ్బతీస్తుంది. కడుపునొప్పి వస్తే ఆసుపత్రికి తీసుకెళ్తారు. బిడ్డకు చదువు రావడం లేదంటే అది జబ్బని ఎవరికి తోస్తుంది?

మందు లేకపోలేదు. రక్తంలోని సీసాన్ని పట్టి మూత్రంలో బయటికి పంపే మందులున్నాయి. కానీ చికిత్సయ్యాక బిడ్డ తిరిగొచ్చేది ఆ వాకిట్లోకే. ప్రపంచ బ్యాంకు డబ్బుతో 2003లో ఒకసారి, 2016లో మరోసారి శుద్ధి పథకాలు మొదలుపెట్టారు. ఆ పథకాలు గుట్టను మాత్రం తొలగించలేదు. నా దృష్టిలో అసలు లోపం అదే.

2020లో దక్షిణాఫ్రికా కోర్టులో ఆంగ్లో అమెరికన్‌పై లక్షకు పైగా మహిళలు, పిల్లల తరఫున సామూహిక దావాకు అనుమతి అడిగారు. గని మాది కాదు, నడిపిందీ మేం కాదు, మా తర్వాత ఇరవయ్యేళ్లు ప్రభుత్వమే నడిపిందని కంపెనీ వాదన. 2023 డిసెంబరులో జొహన్నెస్‌బర్గ్ హైకోర్టు అనుమతి నిరాకరించింది. వ్యవహారం అప్పీలుకు వెళ్లింది.

ఈలోగా గుట్ట దగ్గర పని ఆగలేదు. మిగిలిన సీసం, జింకు కోసం ఆడా మగా సుత్తులతో చిట్టెం పగలగొట్టి అమ్ముకుంటున్నారు. సాయంత్రం అదే దుమ్ము బట్టలతో ఇళ్లకు చేరతారు.