ఖరక్ సింగ్ ఇంటి తలుపు

చిరంజీవులకు,

"ఏ తప్పూ చెయ్యనివాడికి పోలీసులంటే భయమెందుకు తాతయ్యా?" అని మొన్న అడిగారు. ఫోన్‌లో తేలే సంగతి కాదని రాస్తున్నాను.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అని ఒకాయన ఉండేవాడు. 1941లో ఒక దోపిడీ కేసులో ఆయన్ని నిందితుడిగా చేర్చి, సాక్ష్యం లేదని వదిలేశారు. అక్కడితో అయిపోవాలి కదా? పోలీసులు ఆయన పేరున హిస్టరీ షీట్ తెరిచారు, అంటే కన్నేసి ఉంచాల్సినవాళ్ళ మీద పెట్టే పోలీసు రికార్డు. ఇక ఊరి చౌకీదారో కానిస్టేబులో రాత్రిళ్ళు వచ్చి తలుపు బాదడం, కేకలేసి లేపడం, ఒక్కోసారి నిద్రమొహంతోనే స్టేషన్‌కి నడవమనడం. పొరుగూరు వెళ్ళాలన్నా ఎక్కడికో, ఎప్పుడొస్తాడో చెప్పి కదలాలి. ఇదీ ఆయన కోర్టుకు చెప్పుకున్న గోడు.

మామూలుగా ఇలాంటప్పుడు ఎస్సైని బతిమాలుకుంటాం, పెద్దమనుషుల చేత చెప్పిస్తాం. ఆయన కరుణిస్తే సరి. కొత్తాయన వస్తే మళ్ళీ మొదటికే. ఖరక్ సింగ్ మాత్రం, ప్రాథమిక హక్కుకు భంగం కలిగితే సుప్రీంకోర్టు తలుపు తట్టనిచ్చే రాజ్యాంగం 32వ అధికరణం పట్టుకుని నేరుగా అక్కడికే వెళ్ళాడు. దాంతో బతిమాలుకునే పని పోయి, జవాబు చెప్పుకోవడం ప్రభుత్వం వంతయింది. ఏ చట్టం ప్రకారం ఆ తలుపు తట్టారు? చట్టం చూపించకుండా ఎవరి స్వేచ్ఛా లాక్కోకూడదని 21వ అధికరణం. తీరా చూస్తే చట్టమే లేదు, పోలీసు శాఖ తనకోసం రాసుకున్న నిబంధనలు తప్ప. రాత్రిపూట ఇంటికెళ్ళి తలుపు కొట్టడం చెల్లదని 1962 డిసెంబరులో ఆరుగురు న్యాయమూర్తులూ తేల్చారు.

ఇంటి దగ్గర రహస్యంగా కాపు కాయడం లాంటి మిగతా నిఘాను మాత్రం నలుగురు తప్పుపట్టలేదు. గోప్యత ప్రాథమిక హక్కు కాదు పొమ్మన్నారు. ఒప్పుకోని ఇద్దరిలో ఒకరు మన రాజమండ్రి మనిషి, కోకా సుబ్బారావుగారు. తర్వాత ఆయన ప్రధాన న్యాయమూర్తి కూడా అయ్యారు. పోలీసు కళ్ళు వెంటాడుతుంటే తిరగడం స్వేచ్ఛ ఎలా అవుతుంది, అలాంటివాడికి దేశమంతా జైలేనని రాశారు. ఇద్దరి మాట కదా, నెగ్గలేదు. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. దాదాపు 55 ఏళ్ళు! హక్కు పుస్తకంలో రాసుంటే చాలుననేవాళ్ళకి నేనీ లెక్కే చెబుతుంటాను.

సెలవులకు వచ్చినప్పుడు సుబ్బారావుగారు రాసిన భాగం కూర్చుని చదువుదాం. కొన్ని పేజీలే, కాకపోతే ఇంగ్లీషు కాస్త గట్టిది. డిక్షనరీ మర్చిపోకండి.

ఆశీస్సులతో,
తాతయ్య