రంగం పెట్టె, ఇంటి కథలు: రాసేవాళ్ళ అపోహలు – వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లాలో హైస్కూలు పిల్లలకి తెలుగు చెబుతూ, ఇరవై ఏళ్ళుగా కథలు రాస్తున్నాను. సెలవుల్లో కథలు రాయాలని సరదాపడే పిల్లలతో కూర్చుంటాను కూడా. వాళ్ళు అడిగే ప్రశ్నల్లో సగం ఇంటి చుట్టూనే తిరుగుతాయి. "మా ఇంట్లో రాసేవాళ్ళెవరూ లేరు టీచర్, నాకు వస్తుందా?" "మా తాత సంగతి రాస్తే నాన్న ఊరుకోడేమో టీచర్?" "మన వారసత్వం మీద రాయమన్నారు, ఏం రాయాలి?" ఒక్కొక్కళ్ళకీ విడిగా చెప్పి గొంతు పోతోంది. అందుకని ఒకచోట రాసి పెడుతున్నాను. వీటిలో చాలా అపోహలు ఒకప్పుడు నావే.

అపోహ: సాహిత్యం ఉన్న ఇంట్లో పుడితేనే రాత అబ్బుతుంది.

వాస్తవం: నాకు ఊహ తెలిసేసరికి మా ఇంట్లో ఉన్న అచ్చు కాగితాలు రెండే. చూరులో దోపిన పంచాంగం, సొసైటీ అప్పు పుస్తకం. నాయనమ్మది వేలిముద్ర. కానీ ఆవిడ వడ్లు దంచుతూ కథ చెప్పేది. రోకలి లేచినప్పుడు మాట, దిగినప్పుడు ఊపిరి. భయం వచ్చే చోట రోకలి గాల్లో ఆగిపోయేది, మా ప్రాణాలూ అక్కడే ఆగేవి. వాక్యం ఎక్కడ ఆపాలో నాకు తెలిసిందంటే ఆ రోకలి చలవే. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు విశాఖ షిప్‌యార్డులో పనిచేస్తూ పాటలు కట్టాడు. ఆయన పాటకి బలం పల్లె జనం నోటి నుంచి వచ్చింది. మీ ఇంట్లో బీరువా నిండా పుస్తకాలు ఉంటే మంచిదే. లేకపోతే దిగులుపడాల్సిందేమీ లేదు.

అపోహ: పెద్దవాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసేస్తే అదే కథ.

వాస్తవం: ఈ అపోహ నన్ను ఒకసారి బాగా దెబ్బతీసింది కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువే చెబుతాను.

మా వైపు ఏ పాత ఊరికి వెళ్ళినా రంగం మాట వినబడుతుంది. రంగం అంటే రంగూన్. కూలి కోసం కళింగపట్నంలోనో, భీమునిపట్నంలోనో ఓడెక్కి బర్మా పోయినవాళ్ళు ఊరూరా ఉన్నారు. కూలీల్ని పోగుచేసే మేస్త్రీ ముందే కొంత డబ్బు అప్పుగా చేతిలో పెట్టేవాడు. అది తీరేదాకా అక్కడ రేవులోనో, బియ్యం మిల్లులోనో చాకిరీ. అక్కడివాళ్ళు మనవాళ్ళని కోరంగీలనేవారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె కట్టారు. దాని వెంటే వాళ్ళ మీద దాడులు జరిగాయి. దొరికిన ఓడెక్కి చాలామంది వచ్చేశారు. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక, మిగిలిన మనదేశం వాళ్ళు లక్షల్లో కొండలూ అడవులూ పట్టి నడిచారు, మణిపురం వైపు కొందరు, చిట్టగాంగు వైపు కొందరు. దారిలో ఆకలికీ కలరాకీ వేలమంది పోయారు.

నాయనమ్మ చెప్పిన కథ ఏమిటంటే, మా తాత రంగం నుంచి నడిచి వచ్చాడు. పచ్చరంగు ఇనప్పెట్టె నెత్తిన పెట్టుకుని, మూడు నెలలు నడిచి కొండలు దాటాడు. ఆ పెట్టె ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, మూత మీద ఎర్రపూల బొమ్మ. 2008లో ఆ కథ రాసి ఒక పత్రికకి పంపాను. అచ్చయింది. మెచ్చుకుంటూ ఉత్తరాలు వచ్చాయి. ఊళ్ళో శాలువా కూడా కప్పారు.

మా పెద్దత్త మనవరాలి చేత చదివించుకుని, రమ్మని కబురు పెట్టింది. వెళ్ళేసరికి చింతపండు ముందేసుకుని పిక్కలు తీస్తోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఏటి గుంటా, ఇనప్పెట్టె నెత్తినెట్టుకుని కొండలెక్కుతారేటి?"

ఆ పూటంతా చింతపండు ఒలుస్తూ విన్నది ఇదీ. తాత 1930లోనే ఓడ మీద వచ్చేశాడు, పెట్టెతో సహా. మేస్త్రీ బాకీ మాత్రం తీరలేదు. కొన్నాళ్ళకి ఆ బాకీ తీర్చడానికి తమ్ముడు ఓడెక్కాడు, పెళ్ళి కాని కుర్రాడు. 1942లో నడిచొస్తున్న గుంపులో ఉన్నది అతను. జ్వరంతో వాగు ఒడ్డున కూలబడిపోయాడనీ, తాము ముందుకి వచ్చేశామనీ పొరుగూరాయన ఒకడు ఇంటికొచ్చి చెప్పి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడట. అత్తకి అప్పటికి పదేళ్ళు. ఆయన నిలబడ్డ గుమ్మం కూడా చూపించింది నాకు.

నాయనమ్మ కాపరానికి వచ్చేనాటికి ఆ మరిది ఎనిమిదేళ్ళవాడు. ఈవిడే చోడంబలి పోసి పెంచింది. తాత ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఆ పేరు ఎత్తడానికి లేదు. తాత పోయాక కథ మొదలుపెట్టింది. మరిది నడకంతా తాతకి కట్టబెట్టి, వాగు దాటించి, ఇంటికి చేర్చేసింది.

"అలగ సెప్పుకుంటేనే మా అమ్మకి నిద్దరొచ్చీది" అంది అత్త.

నిజానికి సాక్ష్యం మొదటి నుంచీ నా కళ్ళముందే ఉంది. ఆ పెట్టెకి ఒక్క మూల కూడా సొట్ట లేదు. తాళంచెవి సహా ఉంది. ఏటా పండక్కి దాన్ని తుడిచేదాన్ని నేనే! ఇంకో సంగతి, నాయనమ్మ ఎప్పుడు చెప్పినా ఆ వాగు దగ్గరే రోకలి ఆపేది. కాసేపు ఊరుకుని, "మరి వచ్చీసేడు" అని ముగించేది. ఎందుకు ఆగావు నాయనమ్మా అని ఒక్కసారైనా అడగలేదు. ఆ ఖాళీలో నా సొంత వీరగాథ కుక్కేశాను. ఆవిడ అబద్ధం చెప్పిందనుకోను. ఆవిడకి అది కావాలి. నాకు మాత్రం అడిగే ఓపిక లేకపోయింది.

పిల్లలకి ఇప్పుడు నేను చెప్పే పనిమాటలు ఇవి. "కథ చెప్పు" అని అడగకండి, అలా అడిగితే నలుగురికీ చెప్పి నున్నగా అరగదీసిన కథే వస్తుంది. ఆ రోజు ఏం వండారు, పెట్టెలో ఏముంది, కబురు తెచ్చినాయన ఎక్కడ నిలబడ్డాడు, ఇలాంటివి అడగండి. ఫోను మధ్యలో పెట్టి రికార్డింగు నొక్కితే నోరు కట్టుకుంటారు. చింతపండు ఒలుస్తున్నప్పుడో, జీడిపిక్కలు కొడుతున్నప్పుడో పక్కన కూర్చుని మీరూ ఓ చెయ్యి వెయ్యండి. ఏ సంవత్సరం అంటే చెప్పలేరు, ఏ గాలివానకి ముందో వెనకో అడగండి. ఉద్దానంలో 2018 తిత్లీ తుఫానుకి ముందా అంటే, అప్పుడు పెరట్లో ఎన్ని కొబ్బరిచెట్లు నిలబడి ఉన్నాయో కూడా చెబుతారు. ఇద్దరిని విడివిడిగా అడగండి. రెండు కథలూ పొసగని చోటు దొరికిందా, అక్కడ ఆగండి. ఆ తర్వాత బడి అడ్మిషన్ రిజిస్టరు, భూమి కాగితాలు, పాత ఉత్తరాలు వెతకండి. అన్నిటికన్నా ముందు, ఇంట్లో ఉన్న పెట్టెని సరిగ్గా చూడండి.

అపోహ: వారసత్వం గురించి రాయడమంటే మన గొప్పలు రాయడం.

వాస్తవం: నాకొచ్చే రాతప్రతుల్లో పొందూరు ఖద్దరు, బొబ్బిలి వీణ, బుడితి ఇత్తడి, విజయనగరం సిరిమాను ఎగ్జిబిషన్ స్టాల్లో సరుకులా వరసగా పేర్చి ఉంటాయి. ఒక అమ్మాయి పొందూరు గురించి ఏడు పేజీలు రాసింది. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారని ఆ అమ్మాయికి తెలుసు, రాసింది కూడా. ఆ దవడ పట్టుకునే చేతికి ఏ వేలి దగ్గర కాయ కాస్తుంది అంటే తెల్లబోయింది. వాళ్ళ అమ్మమ్మే ఆ పని చేస్తుందని తర్వాత తెలిసి నాకు నోట మాట రాలేదు. ఇంట్లో ఉన్న చేతిని వదిలేసి ఊరి పేరు రాసుకొచ్చింది!

విజయనగరం గొప్పలు చెప్పుకోవాలంటే మొదట గుర్తొచ్చే పేరు గురజాడ అప్పారావు. ఆయన ఏం రాశాడు? 1892లో ఆడి, 1897లో అచ్చయి, మళ్ళీ 1909లో ఆయనే తిరగరాసిన 'కన్యాశుల్కం'లో ఉన్నది తన సొంత కులంలో ఆడపిల్లల్ని డబ్బుకి అమ్ముకునే పెళ్ళిళ్ళు. ముందుమాటలో లెక్క కూడా ఇచ్చాడు. మహారాజా పురమాయించి తీయించిన జాబితాలో మూడేళ్ళలో అలాంటి పెళ్ళిళ్ళు 1034. అందులో ఏడాది వయసు పిల్లలు ముగ్గురు. తన ఇంటి చుట్టుపక్కల లెక్క అది. దాచుకోవాల్సింది బయటపెట్టినవాడినే ఇప్పుడు మన వారసత్వం అంటున్నాం, తమాషా కాదూ!

ఇంకొక మాట. తాత నుంచి మనవడికి వచ్చేది మాన్యమే కానక్కర్లేదు, బాకీ కూడా వస్తుంది. కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' కథలో ఆ కుటుంబానికి తరాల మీదుగా దిగుతున్నది అప్పే. మా తాత తమ్ముడు ఓడెక్కిందీ అందుకే. ఆ కథ నేను కాలేజీలో ఉండగానే రెండుసార్లు చదివాను. మా ఇంట్లో కూడా అదే నడిచిందని తెలియడానికి అత్త చింతపండు ఒలవాల్సి వచ్చింది.

అపోహ: 'ఏమిటి'ని 'ఏటి' చేస్తే ఉత్తరాంధ్ర యాస వచ్చేసినట్టే.

వాస్తవం: అలాగైతే కంప్యూటరుకి చెప్పినా చేసి పెడుతుంది. ఇంటి మాట అక్షరాల్లో కన్నా తీరులో ఎక్కువ ఉంటుంది. 'రాసీసేడు', 'తినీసేను' అనడంలో పని తెగిపోయిందన్న ధ్వని ఉంది. నాయనమ్మ "మరి వచ్చీసేడు" అన్నదాన్ని "వచ్చాడు" అని మారిస్తే కథే పోతుంది. మా నాయనమ్మ ఏనాడూ 'నాకు దుఃఖంగా ఉంది' అనలేదు. "కూడు సయించట్లేదు" అనేది. ఒక్క ఇంట్లోనే రెండు మూడు రకాలు ఉంటాయి. బొబ్బిలి వైపు నుంచి వచ్చిన మా అమ్మ మాట వేరు, మా నాన్న మాట వేరు. చెవి పెట్టి విడదీసుకోవాలి.

ఇక్కడ నాకో కోపం ఉంది. గిడుగు రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టాడు. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని జీవితమంతా పోరాడాడు. ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం చేస్తూ, మైకు ముందుకొచ్చిన పిల్లతో 'ఏటి అనకూడదమ్మా, సభ్యంగా మాట్లాడు' అన్నవాళ్ళని నా కళ్ళతో చూశాను. చిన్నప్పుడు నాకూ అదే అయింది. నాలుగేళ్ళు క్లాసులో నోరు విప్పలేదు.

అపోహ: నా ఇల్లు, నా కథ. ఎవర్నీ అడగక్కర్లేదు.

వాస్తవం: పోయినవాళ్ళ విషయంలో ఏదోలా సర్దుకోవచ్చు. బతికున్నవాళ్ళతో కుదరదు. మా చిన్నాన్న తాగుడు మీద ఒక కథ రాశాను. ఊరి పేరు మార్చాను, మనిషి పేరు మార్చాను, ఆయన పెంకుటింటి ముందున్న నూతిని మాత్రం వదల్లేకపోయాను. ఊరు ఊరంతా పోల్చుకుంది. నాన్న నాతో ఎనిమిది నెలలు మాట్లాడలేదు. పిన్ని మాత్రం "రాసేవు సరే, నూతి గట్టు మీద కూర్చున్నది ఆయన కాదు, నాను. అది కూడా రాయాల్సింది" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. అప్పటి నుంచి బతికున్నవాళ్ళ సంగతి ఉంటే అచ్చుకి ముందు చదివి వినిపిస్తాను. వద్దంటే ఆపేస్తాను. రెండు కథలు అలా పెట్టెలోనే ఉన్నాయి. అందరూ ఇలాగే చేయాలని చెప్పను. కానీ నాకు ఆ ఇంటికి పండక్కి వెళ్ళాలని ఉంటుంది.

అపోహ: రాసే ముందే జీవితధ్యేయం తేల్చుకోవాలి.

వాస్తవం: గిడుగు పర్లాకిమిడిలో బడిపంతులు. చుట్టుపక్కల సవర గిరిజనులు మాట్లాడే మాట చెవిన పడి, అదేమిటో తెలుసుకోవాలని, సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడు. ఆ భాషకి వాచకాలు, వ్యాకరణం, నిఘంటువు అన్నీ ఆ తర్వాతి సంగతులు. వాడుకభాష ఉద్యమం ఇంకా తర్వాత. మురపాకలో పుట్టిన కాళీపట్నం మాస్టారు రాసిన కథలు తక్కువే. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి, 2021లో పోయేదాకా తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చే పనిలో ఉండిపోయారు. మొదటి కథ రాసినప్పుడు ఆయన అదంతా అనుకుని ఉంటారని నేను నమ్మను. ముందు రాయండి.

అపోహ: ఒకసారి రాసేస్తే ఇంటి బాకీ తీరిపోయినట్టే.

వాస్తవం: తాత తమ్ముడి కథ మళ్ళీ రాయడానికి నాకు మూడేళ్ళు పట్టింది. ఈసారి అచ్చుకి పంపకముందే అత్త దగ్గరికి వెళ్ళి చదివాను. వాగు దగ్గరికి వచ్చేసరికి నేనే ఆగిపోయాను. అత్త కూడా ఏమీ అనలేదు. పూర్తయ్యాక కళ్ళు తుడుచుకుని, "బాగుంది గానీ, పెట్టె మీదవి ఎర్రపూలు కావే. పసుపు. ఎర్రరంగు నేనే ఏసేను, నా పెళ్ళికి" అంది.

ఇంటికెళ్ళి గోటితో గీకి చూశాను. అడుగున పసుపే.